పడవలో ఓటు లేనివాడు

కెనూలో, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవలో, కుక్కను ఎక్కించుకుని కెనడాలోని ఉత్తర ఒంటారియో నదుల మీదికి వెళ్తున్నామని చెప్పగానే నాకు రెండు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. ఒకటి రాజమండ్రి నుంచి, వాట్సాప్ కాల్లో: "మీరిద్దరూ ఏమైనా చేసుకోండి, ఆ నోరులేని జీవాన్ని ఎందుకే నీళ్ళలోకి లాగుతావు?" అని మా అమ్మ. రెండోది ఇక్కడ మాతో తెడ్డు పట్టే స్నేహితుల నుంచి: కుక్క కదిలితే పడవ ఒరుగుతుంది, దాని తిండి ఒక బరువు, దిగి నడవాల్సిన చోటల్లా ఆలస్యం, ఎవరింట్లోనైనా వదిలేసి రావచ్చుగా అని.

స్నేహితులది సౌకర్యం గొడవ. మా అమ్మది ధర్మసందేహం. రాపిడ్, అంటే నది బండల మధ్య ఉరకలేసే చోటు, వచ్చినప్పుడల్లా మ్యాపు ముందేసుకుని, "ఇది క్లాస్ త్రీ, పడవలోనే దాటుదామా వద్దా" అని నేనూ మా ఆయనా వాదించుకుంటాం. మా కుక్క టామీని ఎవరూ అడగరు. మేం ఎక్కితే తనూ ఎక్కాలి, వాడికి తెలిసింది అంతే. ప్రమాదం ఎంతో తెలిసి ఎక్కినవాడి ధైర్యం వేరు, మన మొహం చూసి ఎక్కినవాడి నమ్మకం వేరు. అమ్మ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాకే నా వాదన మొదలవుతుంది. ఓటు లేనివాడు పడవలో ఉన్నప్పుడు మానుకోవాల్సింది వాణ్ణి కాదు, రాపిడ్‌ని.

(టామీ అని పేరెందుకు పెట్టావు, ఇంకేం దొరకలేదా అని అడిగేవాళ్ళకు: మా వీధిలో నేను పుట్టినప్పటి నుంచీ ఉన్న కుక్కలన్నిటి పేరూ అదే. ఇంకో పేరు నోరు తిరగలేదు.)

మేం వెళ్ళే నదుల్లో మిసినైబి ఒక్కదాని గురించి చెప్తే చాలు. చాప్లో ఊరి నుంచి కంకర రోడ్డు మీద మిసినైబి సరస్సు దాకా కారులో పోవచ్చు. అక్కడి నుంచి నది ఉత్తరానికి తిరిగి, మాటిస్ అనే చిన్న ఊరి దగ్గర 11వ నంబరు హైవే కింద నుంచి సాగి, మాటగామి నదితో కలిసి మూస్ నది అవుతుంది. ఆ మూస్ నది మూసొనీ పట్నం దాటి జేమ్స్ బే అనే సముద్రపు పాయలో పడుతుంది. సరస్సు నుంచి ఉప్పునీళ్ళ దాకా దాదాపు 500 కిలోమీటర్లు, మిసినైబి మీద ఎక్కడా ఒక్క ఆనకట్ట లేదు. ధవళేశ్వరం పక్కన పెరిగినదాన్ని, నదికి ఎక్కడా అడ్డుకట్టే లేదంటే మొదట్లో నాకు నమ్మబుద్ధి కాలేదు. సుపీరియర్ సరస్సుకూ జేమ్స్ బేకూ మధ్య ఒకప్పుడు బీవర్ చర్మాల వ్యాపారం ఈ దారినే నడిచింది. వ్యాపారులు రాకముందు నుంచీ ఇది క్రీ, ఓజిబ్వే ప్రజల దారి. సరస్సు మీద ఫెయిరీ పాయింట్ అనే రాతిగోడకు వాళ్ళ పూర్వీకులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి, పడవ ఆపుకుని చూడొచ్చు. 2004లో దీన్ని కెనడా వారసత్వ నదిగా గుర్తించారు.

చుట్టూ బోరియల్ అడవి, అంటే ఉత్తరాది చలినేలల అడవి. నల్ల స్ప్రూస్, టమరాక్, ఎత్తు నేలల్లో బర్చ్, కింద మోకాలి లోతు నాచు. ఆ నాచు నేలల్లోంచి ఊరి వచ్చే నీళ్ళు పాలు కలపని టీ రంగులో ఉంటాయి. గంటల తరబడి కదలని నీళ్ళ మీద తెడ్డు వేస్తాం, తర్వాత ఒక మలుపు తిరగ్గానే ముందు చప్పుడు వినిపిస్తుంది, ఆపైన బండలు. ఇలాంటి రాపిడ్స్‌ని కష్టాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు తరగతులుగా లెక్కిస్తారు. రోడ్డు పక్కన ఉన్న క్లాస్ టూ, ఆస్పత్రికి రోజుల దూరంలో ఉన్న క్లాస్ టూ ఒకటి కావు. ఇలాంటి చోట్ల ప్రతి రాపిడ్‌నీ ఒక తరగతి పైన వేసుకుని చూడాలని అనుభవం ఉన్నవాళ్ళంతా చెప్తారు. చెప్తారు గానీ, ఎండగా ఉండి, పొద్దున్నుంచి అన్నీ బాగా దిగి, చేతులు ఊపు మీదున్నప్పుడు ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. కుక్క ఉంటే గుర్తుంటుంది.

ఎందుకో చెప్పాలంటే నీళ్ళ మీద జరిగేది దగ్గర నుంచి చూపించాలి. ప్రవాహానికి అడ్డంగా అవతలి ఒడ్డుకు పోవాలంటే పడవ మూతిని ఎగువకు తిప్పి, కొంచెం ఏటవాలుగా పెట్టి, తెడ్డు ఆపకుండా వేస్తూ ఉండాలి. నీటి తోపే మనల్ని పక్కకు జరుపుతుంది. అప్పుడు పడవ దిగువ వైపుకు కాస్త ఒరిగి ఉండాలి. ఎగువ వైపుకు ఒరిగితే నీళ్ళు అంచు మీదెక్కి లోపలికి వచ్చేస్తాయి, ఆ తర్వాత మాట్లాడుకోవడానికి టైముండదు. సరిగ్గా అలాంటప్పుడు ఎగువ ఒడ్డున విల్లో పొదల్లోంచి ఒక మూస్, మన కణితికన్నా చాలా ఎత్తున్న జంతువు, తల బయట పెట్టింది. పడవ నడుమ ఇరవై ఎనిమిది కిలోల టామీ లేచాడు. లేవడం అంటే నిలబడటం కాదు, ముందుకాళ్ళు రెండూ ఎగువ అంచు మీదికి. నా తెడ్డు అప్పుడు కుడివైపు నీళ్ళలో ఉంది. అంచుకీ నీటికీ మధ్య జానెడు ఉండాల్సింది రెండు వేళ్ళయింది. వెనక నుంచి మా ఆయన "పడుకో" అన్నారు, అరవకుండా, ఇంట్లో టీవీ ముందు అన్నట్టే. వాడు పడుకున్నాడు. ఆ ఒక్క మాట కోసం ముందు శీతాకాలం అంతా హాల్లో చాప మీద, వసంతంలో వాకిట్లో పెట్టిన పడవలో, ఆ తర్వాత కదలని చెరువులో వాడిచేత చేయించాం.

అయితే నా వాదనకు ఆ శిక్షణ ముఖ్యం కాదు. వాడు ఆ రోజు పడుకోకపోయినా మాకు ప్రాణాపాయం లేదు, ఎందుకంటే కింద ఉన్నది జలపాతం కాదు, నిదానమైన మడుగు. ఆ చోటు అలా ఉందని ముందే ఒడ్డున దిగి చూశాం కాబట్టే అక్కడ దాటాం. కుక్క మాట వింటుందన్న నమ్మకం మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. వినకపోతే ఏమవుతుందో చూసుకుని, ఆ ఫలితం భరించగలమనుకుంటేనే దిగాలి. ఇద్దరు మనుషులే ఉన్న పడవకూ ఇదే సూత్రం. కాకపోతే మనుషులు ఒకరినొకరు నమ్మించుకోగలరు.

చల్లటి నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త తనే మంచునీళ్ళలో దిగి మరీ చెప్పిన లెక్క ఒకటుంది: ఒకటి, పది, ఒకటి. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్ళూ చెప్పినట్టు కదిలేది పది నిమిషాలు. స్పృహ తప్పడానికి ఒక గంట. జూన్ మొదట్లో కూడా ఉత్తరాన ఈ లెక్క గుర్తుంచుకోవాలి. పడవ తిరగబడితే ఆ పది నిమిషాల్లో మన పని మనం ఒడ్డు చేరడం. కుక్క కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషిని నేను చూడలేదు, ఆ పది నిమిషాలూ దాని వెనక ఈదుతూనే ఖర్చు పెట్టేస్తాం. అందుకని "కుక్క ఈత కొట్టుకుని అదే వస్తుందిలే" అనే మాట నాకు చిరాకు. ఈత రాకపోవడం కాదు సమస్య, దాని వెనక పడే మనం.

ఈ మధ్య వీడియోలు వస్తున్నాయి. పడవ మూతి మీద కుక్క నిలబడి ఉంటుంది, చెవులు గాలికి ఎగురుతుంటాయి, వెనక తెల్లటి నురుగు, గోప్రో, డ్రమ్ముల సంగీతం. కింద లక్షల లైకులు. ఆ కుక్క ఎత్తులో, ముందు, జారే ప్లాస్టిక్ మీద ఉంది. పడవ బండకు కొట్టుకుంటే మొదట ఎగిరేది అదే, పడేది పడవకూ బండకూ మధ్య. కుక్క చోటు పడవ అడుగున, వెనక తెడ్డు వేసేవాళ్ళ మోకాళ్ళ ముందు. గోళ్ళు పట్టు దొరికేలా ఒక ఫోమ్ చాప పరిస్తే చాలు. ఫొటోకి అంత బాగా రాదు, నిజమే.

మేం టామీతో రాపిడ్ ఎలా దాటతామంటే, ఎక్కువసార్లు దాటం. ఒడ్డు వెంబడి తాళ్ళతో దించుతాం. పడవ రెండు కొసలకూ చెరో తాడు. ఇద్దరం ఒడ్డు బండల మీద నడుస్తూ, ఒకరు వదులుతూ ఒకరు బిగిస్తూ, పడవను నీళ్ళలోనే కిందికి నడిపిస్తాం. తడి బండలు, పాకుడు, రెండు పొడవాటి తాళ్ళు. వీటి మధ్యలో కుక్క తిరిగితే ఎవరి కాలో ఒకరిది విరుగుతుంది. కాబట్టి ముందు మా ఆయన టామీని తీసుకుని అడవిలోంచి రాపిడ్ అడుగుదాకా నడిచి వెళ్తారు. అక్కడ నీడలో ఒక స్ప్రూస్ మొదలుకు కట్టేసి, నీళ్ళు పెట్టి, మళ్ళీ పైకి వస్తారు. మేం పడవ దించే ఇరవై నిమిషాలూ కింద వాడు ఒక రాగంలో ఏడుస్తూనే ఉంటాడు. దోమలు ఒక కారణం, మమ్మల్ని చూడలేకపోవడం ఇంకో కారణం.

అలా వెళ్ళి వచ్చేటప్పటికి ఆ రాపిడ్‌ని మొత్తం రెండుసార్లు ఒడ్డు మీద నుంచి చూసినట్టవుతుంది. పై నుంచి కనపడని అడ్డదుంగ కింద నుంచి కనిపిస్తుంది. నీళ్ళలోకి కూలిన చెట్టు బండకన్నా ప్రమాదం. నీళ్ళు కొమ్మల్లోంచి పోతాయి, పడవా మనిషీ మాత్రం వాటికి అతుక్కుపోతారు. ముందు దిగి చూడమని ప్రతి పాఠంలోనూ చెప్తారు, ప్రతివాళ్ళూ అలిసిపోయిన రోజున ఎగ్గొడతారు. కుక్క ఉన్న పడవకు ఎగ్గొట్టే వీలు లేదు. ఆలస్యమవుతుందని విసుక్కునే స్నేహితులకు నా జవాబు ఇదే. ఆ ఆలస్యం అవసరమైనదే. కుక్క లేకపోయినా మనం చెయ్యాల్సినదే. కుక్క లేకపోతే చెయ్యం, తేడా అంతే.

ఇక తాడు గొడవ. ఒంటారియో ప్రొవిన్షియల్ పార్కుల్లో కుక్కకు రెండు మీటర్లకు మించని తాడు ఉండాలని నియమం. మిసినైబి కూడా పార్కే. మనిషన్నవాడు కనపడని అడవిలో ఈ నియమం ఎవరి కోసం అని నవ్వేవాళ్ళున్నారు. నేను నవ్వను. నేల మీద తాడు ఉండాల్సిందే, నీటి మీద ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. పడవకు కట్టిన కుక్క తిరగబడ్డ పడవ కింద ఉండిపోతుంది. కాబట్టి పడవెక్కేటప్పుడు తాడు విప్పడం, దిగేటప్పుడు వేయడం చేతులకు అలవాటైపోవాలి. లైఫ్ జాకెట్ వేరే విషయం. పెంపుడు జంతువుల లైఫ్ జాకెట్లు వేటికీ కెనడాలో ప్రభుత్వ ఆమోదం లేదు, కంపెనీవాడి మాటే దిక్కు. అందుకని కొనే ముందు వీపు మీది పిడి పట్టుకుని కుక్కను గాల్లోకి ఎత్తి చూడాలి. కుట్లు ఊడినా, కుక్క తలకిందులై జారినా ఆ జాకెట్‌ని అక్కడే వదిలేసి రావచ్చు.

కుక్క ఉంటే ఎలుగుబంటి రాదని మన వాళ్ళలో ఒక గట్టి నమ్మకం. ఇక్కడివాళ్ళలోనూ ఉంది. కట్టేసి ఉన్న, మన పక్కనే ఉన్న కుక్క ముందుగా పసిగట్టి మొరుగుతుంది, అది మేలే. విడిచిపెట్టిన కుక్క కథ వేరు. అది వెళ్ళి ఎలుగును రెచ్చగొడుతుంది, ఎలుగు తిరగబడితే కుక్క భయపడి ఎక్కడికి పరుగెత్తుతుంది? మన దగ్గరికే, వెనక ఎలుగును వెంటబెట్టుకుని. హ్యాంక్ హ్రిస్టియెంకో, స్టీఫెన్ హెరెరో అనే ఇద్దరు ఎలుగుబంట్ల నిపుణులు 2010-14 మధ్య ఉత్తర అమెరికాలో నల్ల ఎలుగుబంట్లు మనుషుల మీద చేసిన దాడుల్ని పరిశీలిస్తే, సగానికి పైగా సంఘటనల్లో అక్కడ కుక్క ఉంది. రెండు మీటర్ల తాడు గురించి నవ్వేవాళ్ళకు ఇదీ నా రెండో జవాబు. నేల మీద గూళ్ళు కట్టే పక్షులూ, మనల్ని రమ్మని పిలవని క్యారిబూ జింకలూ ఉండనే ఉన్నాయి. ఓటు లేనివాళ్ళు పడవ బయట కూడా ఉన్నారు.

ఎలుగులకన్నా నిజంగా బాధపెట్టేవి చిన్నవి. జూన్‌లో నల్ల ఈగలు కుక్క పొట్ట మీద, వెంట్రుకలు పలచగా ఉన్నచోట చేరి, ఒక్కొక్కటి కొరికిన చోట రూపాయంత ఎర్రమచ్చ చేస్తాయి. మనం తొడుక్కునే వలచొక్కా దానికుండదు. ముళ్ళపంది ఇంకో బెడద. ఇక్కడి ముళ్ళపందికి దాదాపు ముప్పై వేల ముళ్ళుంటాయి, వాటి మొనల్లో కంటికి కనపడని కొక్కేలుంటాయి. లాగకుండా వదిలేస్తే లోపలికే నడుస్తాయి. ముళ్ళు లాగే శ్రావణం (ప్లయర్స్) లేకుండా కుక్కతో ఈ అడవిలో అడుగుపెట్టకూడదు. ఇక బ్లాస్టోమైకోసిస్ అనే జబ్బు. దానికి కారణం తడినేలలో, కుళ్ళిన కర్రలో పెరిగే ఒక బూజు, పడవ ఆపుకునే ఒడ్డులన్నీ అలాంటివే. వాయవ్య ఒంటారియోలో, కెనోరా చుట్టుపక్కల మరీ ఎక్కువ. కుక్క ముక్కుతో తవ్వుతుంది కదా, ఆ బూజును పీల్చుకుంటుంది. దగ్గు, బరువు తగ్గడం, మానని పుళ్ళు వారాల తర్వాత, నెలల తర్వాత బయటపడతాయి. అప్పటికి ఎవరికీ నది గుర్తుండదు. దక్షిణాదిలోని పశువైద్యుడికి ఈ జబ్బు తట్టకపోవచ్చు. "మా కుక్క ఉత్తరాదికి వెళ్ళొచ్చింది" అని మనమే చెప్పాలి. ఈ పేరా చదివి ఎవరైనా కుక్కను ఇంట్లో వదిలేయాలనుకుంటే నేను ఆపను. అది సరైన నిర్ణయమే కావచ్చు.

కుక్కా పడవా కలిసి నదుల మీద తిరగడం సరదాల కోసం మనం కనిపెట్టిందేమీ కాదు. ఉత్తరాది డెనే ప్రజలు ఎండాకాలంలో కుక్కల వీపున మూటలు కట్టి నడిపించేవాళ్ళు. అలెగ్జాండర్ మెకెంజీ అనే అన్వేషకుడు 1793లో పీస్ నది మీదుగా పసిఫిక్ సముద్రానికి దారి వెతుక్కుంటూ బయలుదేరినప్పుడు, పాతికడుగుల బెరడు పడవలో పదిమంది మనుషులూ ఒక కుక్కా. దాని పేరు కూడా ఆయన రాసుకోలేదు, డైరీలో అది "మా కుక్క" మాత్రమే. జూన్‌లో ఒక కొండవాగులో బండలు తగిలి వాళ్ళ పడవ ముక్కలైంది, అందరూ బతికారు. జులైలో సముద్రం దగ్గరికి వచ్చేసరికి కుక్క తప్పిపోయింది. తిరుగు ప్రయాణంలో దొరికినప్పుడు ఎముకల గూడులా ఉంది, మనుషుల్ని పోల్చుకోలేకపోయింది, తిండి పెడితే మెల్లమెల్లగా దారికి వచ్చిందని రాశాడు. ఖండం దాటిన ఘనతంతా బండరాతి మీద ఎర్రరంగుతో రాసుకున్న మనిషి, కుక్క కోసం ఆ నాలుగు వాక్యాలు ఖర్చు పెట్టాడు. మెకెంజీ కుక్కకూ ఓటు లేదు. పేరైనా లేదు. ఆయనకు తప్పనిసరి ప్రయాణం, మాకు సెలవుల సరదా. కాబట్టి మా మీద బాధ్యత ఆయన మీదకన్నా ఎక్కువ.

ఆ బాధ్యతకు ఒక హద్దు ఉంది. ఎంత జాగ్రత్త పడ్డా కుక్కను తీసుకెళ్ళకూడని నదులున్నాయి. రెండు వైపులా నిట్టనిలువు గోడలుండి, ఒడ్డు అన్నదే లేని చోట్లు. దిగి నడిచే వీలు లేకపోతే రాపిడ్‌ని మానుకునే హక్కే మనకు లేదు, అప్పుడు నా వాదన మొత్తం కూలిపోతుంది. మంచు కరిగి నది పొంగే వసంతకాలంలోనూ అంతే. సహాయం కోసం శాటిలైట్ బటన్ నొక్కితే వచ్చే హెలికాప్టర్ మనుషుల కోసం వస్తుంది. కుక్క కోసం ఆగుతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

మిసినైబిలో మాటిస్ దిగువన థండర్‌హౌస్ అనే జలపాతం ఉంది. నది రాతి పీఠభూమి అంచున విరిగి హడ్సన్ బే పల్లపు నేలల్లోకి దూకే చోటు. పక్కన నీళ్ళలోంచి ఒక రాతి స్తంభం లేచి ఉంటుంది. అక్కడ పడవను ఒడ్డుకు చేర్చాల్సిన చోటు దాటిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. దాని కిందే హెల్స్ గేట్ అనే ఇరుకు లోయ. రెండు చోట్లా పడవా సామానూ నెత్తినా భుజానా పెట్టుకుని అడవిలో చాలా దూరం నడవాలి. ఒక్క విడతలో అవదు, వెళ్ళి మళ్ళీ రావాలి. ఆ తర్వాత మూసొనీ చేరి కొక్రేన్ వెళ్ళే పోలార్ బేర్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కేదాకా బయటపడే రోడ్డు లేదు. ఆ ఊరికే రోడ్డు లేదు.

టామీకి ఇప్పుడు పదేళ్ళు. మెట్లు ఎక్కేటప్పుడు వెనక కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. ఈ ఆగస్టులో, ఈగలు తగ్గి నీళ్ళు దిగాక, సరస్సు నుంచి మాటిస్ దాకా వాడితో వెళ్తాం. మా ఆయనా, ఆయన ఆఫీసు స్నేహితుడూ అక్కడి నుంచి థండర్‌హౌస్ మీదుగా సముద్రం దాకా వెళ్ళాలని పట్టుబడుతున్నారు. వెళ్ళనీ, వాళ్ళిద్దరికీ ఓటుంది. నేనూ టామీ మాటిస్‌లో కారెక్కి కొక్రేన్ స్టేషన్‌లో వాళ్ళ కోసం కాచుకుంటాం. ఈ సంగతి చెప్తే మా అమ్మ, "మరి ఆయన్ని మాత్రం ఎందుకే పంపిస్తున్నావు?" అంది. ఆ ప్రశ్నను మా ఆయనకే ఫోన్ చేసి అడగమన్నాను.